ముడి విప్పి కలపండి

శనివారం పొద్దున్న ఏడింటికల్లా నేను ఏలూరులో తమ్మిలేరు వంతెన మీద ఉంటాను. తాడేపల్లిగూడెంలో మొదటి బస్సెక్కితే గుండుగొలను దాటేదాకా నిద్ర మత్తు వదలదు. చేతిలో ఒక గోనెసంచి, ఒక అట్టముక్క. అట్ట మీద నా చేతిరాతతో ‘పూలు కలపండి, కవరు ఇటివ్వండి’ అని ఉండేది. శుక్రవారం పూజ చేసిన పూలు జనం మర్నాడు పొద్దున్నే తెచ్చి ఏట్లో వేస్తారు కాబట్టి శనివారం ఎంచుకున్నాను. నిజం చెప్పాలంటే మిగతా ఆరు రోజులూ నాకు వేరే పనేమీ లేదు.

మా వైపు దేవుడి పూలు పారేశామని ఎవరూ అనరు, ఏట్లో కలిపామంటారు. ఎవరి కాలి కిందా పడకూడదని, చెత్తకుండీలోకి పోకూడదని, వాటిని జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో పోసి, బిగించి రెండు ముళ్ళు వేసి, కళ్ళకద్దుకుని మరీ వంతెన మీంచి విసురుతారు. ముడి వేసిన కవరులో గాలి ఉంటుంది. అది తేలుతుంది. లోపల పూలు కుళ్ళి నల్లగా నీరుకారుతాయి గానీ ఏట్లో మాత్రం కలవవు. ఎండాకాలంలో ఏరు ఎండిపోయినప్పుడు అవన్నీ ఇసుకలో కనబడతాయి. వానలు పడగానే కట్టకట్టుకుని కొల్లేరు దారి పడతాయి. ఇంత భక్తిగా ఏటిని పాడుచేసేవాళ్ళు ఇంకెక్కడా ఉండరనుకుంటాను.

ఈ సంగతి నేను మర్యాదగానే చెబుతున్నానని నా నమ్మకం. మా ఆవిడ ఉంటే ఒప్పుకునేది కాదు, మీ గొంతులోంచి కొట్టు యజమాని ఇంకా దిగలేదండీ అనేది.

స్కూటరు మీద వచ్చిన ఒకాయన అట్ట అంతా చదివి, “మీరు మున్సిపాలిటీ వాళ్ళా అండి?” అని అడిగాడు.

“కాదండి.”

“మరి ఏ పార్టీ అండి?”

“పార్టీ కాదండి. తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు ఉండేదండి.”

ఆయన నా వంక జాలిగా చూసి, కవరు ఏట్లోకి విసిరి, స్కూటరు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ నా గోనెసంచిలో రెండు అరటిపళ్ళు వేసి దణ్ణం పెట్టింది. నేను అడుక్కోవడం లేదని చెప్పేలోపే వెళ్ళిపోయింది. ఆకలిగా ఉంది, తినేశాను.

ఒక రోజు ఒక పెద్దావిడతో వాదన పెట్టుకున్నాను. కవరు నాకివ్వమంటే ఆవిడ గుండెకు హత్తుకుంది.

“దీని మీద లక్ష్మీదేవి బొమ్మ ఉందండి. చెత్తలో ఎలా వేస్తామండి? పాపం కదండీ?”

చూస్తే అది మా కొట్టు కవరే. బొమ్మ కింద ఎర్రటి అక్షరాల్లో మా కొట్టు పేరు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ బొమ్మ నా తెలివే. కొట్టు బాగా నడిచి, ఏలూరు నుంచి కూడా జనం వచ్చే రోజుల్లో కవరు మీద అమ్మవారిని వేయిస్తే ఎవరూ పారేయరని, మా పేరు ఇళ్ళల్లో అలా వేలాడుతూ ఉంటుందని లెక్కవేశాను. మా ఆవిడ ఒక్కతే అడ్డం చెప్పింది. “దేవుణ్ణి కవరు మీద వేస్తే రేపు అది చిరిగాక జనం ఎక్కడ పెడతారండీ?” అంది. నువ్వు వంట చూసుకో అన్నాను. అన్నట్టు, ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడను నేను పేరు పెట్టి పిలిచింది లేదు. ఇదిగో అంటే పలికేది.

అడ్డం చెప్పిన మనిషే మా కొట్టు కవర్లను నలగకుండా మడతపెట్టి, అన్నింటినీ ఒక పెద్ద కవరులో కుక్కి, వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించేది. కవర్ల కవరు అనేది దాన్ని. ఆ మేకుకు అది ఇప్పటికీ ఉంది. వంటింట్లోకి వెళ్ళిన ప్రతిసారీ తలుపు పూర్తిగా తెరుస్తాను, అది గోడకు నొక్కుకుని నాకు కనబడకుండా పోతుందని.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. పుట్టిల్లు పెదపాడు దగ్గర. చిన్నప్పుడు తమ్మిలేట్లో ఈత కొట్టానని వందసార్లు చెప్పింది, నేను ఒక్కసారీ నమ్మలేదు. ఆస్పత్రిలో ఆఖరి వారంలో, “గోదాట్లో ఎలాగూ కలుపుతారు. కాస్త మా ఏట్లో కూడా కలపండి” అంది. ఆవిడ నన్ను అడిగినవి చాలా తక్కువ.

కొవ్వూరులో గోదావరి దగ్గర పురోహితుడు ఉన్నాడు, మా బావమరిది ఉన్నాడు, వాళ్ళు చెప్పినట్టు చేశాను. పిడికెడు అస్థికలు మాత్రం విడిగా గుడ్డలో మూటగట్టి ఉంచాను. ఇంట్లో పెట్టకూడదంటే ఆ రాత్రికి పెరట్లో జామకొమ్మకు కట్టాను. మర్నాడు ఏలూరు బయల్దేరుతూ, బస్సు కుదుపులకు ఒలికిపోతాయేమోనని కవర్ల కవరులోంచి ఒకటి లాగి, మూట అందులో పెట్టి, బిగించి రెండు ముళ్ళు వేశాను.

వంతెన మీద జనం. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఎవరైనా గుర్తుపడతారని సిగ్గేసింది. విప్పాలన్న ఆలోచనే రాలేదు. ఊళ్ళో అందరూ విసిరినట్టే కళ్ళకద్దుకుని విసిరాను.

అది మునగలేదు. అమ్మవారి బొమ్మ పైకి తిరిగి తేలింది. కాస్త దూరం పోయి గుర్రపుడెక్కలో చిక్కుకుంది. అరగంట అలాగే ఉంది. దిగి తీద్దామంటే గట్టు జారుడు, నాకు మోకాళ్ళు పనిచెయ్యవు. ఎవరినైనా సాయం అడగాలంటే అందులో ఏముందో చెప్పాలి. చెప్పలేకపోయాను. తరవాత నీటి వడికి డెక్కతో పాటే కొట్టుకుపోయింది. ఇంటికొచ్చి అందరికీ కలిపేశానని చెప్పాను. మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా, “అక్క కోరిక తీర్చారండి బావగారూ” అంటాడు. నేను ఊఁ అంటాను.

నేను ఆ వంతెన మీదకు ఎందుకు వెళతానో ఇదీ అసలు సంగతి. గట్టున మా కొట్టు కవరు ఎక్కడ కనబడినా కర్రతో లాగి ముడి విప్పి చూస్తాను. పూలు, వత్తులు, పగిలిన పటం ముక్కలు. అది ఇక దొరకదని తెలుసు. అయినా విప్పుతాను. చూసేవాళ్ళు పూజ చిల్లర కోసం వెతుకుతున్నాననుకుంటారు. అనుకోనీ.

మొన్నటి వానల్లో ఒక శనివారం ఒకతను ఒంటరిగా వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, కొత్తగా గుండు చేయించుకున్న తల. చేతిలో ముడి వేసిన కవరు. విసరడానికి చెయ్యెత్తాడు.

“ఏవండీ, ముడి విప్పి కలపండి” అన్నాను.

అతను గిర్రున తిరిగాడు. “మా నాన్నగారివండి ఇవి. మీ ఉపన్యాసం ఇవాళ వద్దండి.”

అతను అన్నదాంట్లో తప్పులేదు. నేను ఊరుకోవలసింది. కానీ మూడేళ్ళుగా దాచింది బయటికి వచ్చేసింది.

“మా ఆవిడవి ఇలాగే విసిరానండి, ఇక్కడే. మునగలేదండి. అదిగో, ఆ డెక్కలో అరగంట ఉండిపోయిందండి. ఆవిడ కలవలేదండి. నేను కలిపానని అబద్ధం చెప్పానండి ఇంట్లో.”

అతను చెయ్యి దించాడు. ముడి విప్పబోతే బిగిసిపోయి రాలేదు. ముళ్ళు విప్పడం నాకు బాగా అలవాటైంది కదా, నేను విప్పాను. లోపలి గుడ్డ మూట అతను విప్పుకున్నాడు. చెప్పులు నా దగ్గర వదిలి, గట్టు పట్టుకుని కిందికి దిగి, వంగి నీళ్ళలో వదిలాడు. కాసేపు నీళ్ళు బూడిదరంగుగా కదిలాయి, తరవాత మామూలుగా అయిపోయాయి. పైకొచ్చి కవరు నా చేతిలో పెట్టి, “కలిశారండి” అన్నాడు. నాకు అసూయగా అనిపించింది. దాచుకోవడమెందుకు.

ఆ వారం కొత్త అట్ట రాశాను. ‘మూడేళ్ళ కిందట మా ఆవిడ అస్థికలు కవరుతో సహా ఇక్కడ విసిరాను. అవి కలవలేదు. మీరు ముడి విప్పి కలపండి.’ మా బావమరిది ఏలూరు బజారుకు ఈ వంతెన మీదుగానే వస్తాడు. ఎవరో చెప్పేముందు నేనే చెబుదామని ఫోన్ చేశాను. అంతా విన్నాడు. సరేనండి అని పెట్టేశాడు. ఆ తరవాత ఫోన్ రాలేదు.

ఇప్పుడు జనం ఆగి చదువుతున్నారు. అందరూ విప్పరు, కొందరు విప్పుతున్నారు. పోయిన శనివారం లక్ష్మీదేవి కవరు పెద్దావిడ మళ్ళీ వచ్చింది. అట్ట రెండుసార్లు చదివి, ముడి విప్పి, పూలు ఏట్లో వదిలి, కవరు దులిపి మడతపెట్టి నాకిచ్చింది. వెళ్ళబోతూ ఆగింది.

“ఆవిడ పేరేంటండి?”

చెప్పాను. ఆ పేరు నా నోటితో పలకడం అదే మొదటిసారి.