మంచం కోడుకు కట్టిన సూర్యుడు

రామవ్వ సర్కారు కోడిపిల్లలను పెట్టెలో తెచ్చి ఇంట్లో దించిన రోజు మనూరు దగ్గరి ఆ పల్లెలో సగం మంది నవ్వారు. తల్లికోడి లేని పిల్లలేమిటని. తల్లికి బదులుగా పశువుల డాక్టరు ఒక పెద్ద కరెంటు బల్బు ఇచ్చిపోయాడు. తడిక గుండ్రంగా నిలబెట్టి, కింద పల్లికాయ పొట్టు పరిచి, నడుమ బల్బు వేలాడదీయాలి. ఎంత ఎత్తునన్నది మాత్రం ఆయన చెప్పలేదు.

అది 1986 జనవరి. రామవ్వకు కోళ్ల మీద ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. భర్త మొగులయ్య కిందటేడు చెరుకు కోతలకు పోతూ లారీ మీంచి పడ్డాడు, నడుము దెబ్బతింది. మంచం దిగాలంటే ఒకరు పట్టుకోవాలి. ఈ పిల్లలు బతికి గుడ్లకొస్తే ఆమె ఊళ్లోనే ఉండవచ్చు. చస్తే, చెరుకు కోతలకు కూలీలను తోలుకుపోయే మేస్త్రీ మల్లప్ప మళ్లీ లారీ తెచ్చినప్పుడు మొగులయ్యను ఇరుగుపొరుగు దయకు వదిలి ఒక్కతే ఎక్కాలి. ఆ దయ ఎన్నాళ్లు వెచ్చగా ఉంటుందో ఆమెకు తెలుసు.

చలి ఎక్కువైందని బల్బు కిందికి దించింది. దాని కింద చిక్కిన పిల్లలు రెక్కలు చాచి రొప్పాయి, కొన్ని పోయాయి. భయపడి పైకి కట్టింది. ఈసారి అన్నీ ఒకదానిమీదొకటి ఎక్కి, అడుగున పడ్డవి నలిగిపోయాయి.

ముందు గదిలో అద్దెకుండే చంద్రప్ప నాగల్‌గిద్ద వైపు మనిషి, బడి పంతులు. ఆ సాయంత్రం రామవ్వ చేసిన జొన్నరొట్టె తింటూ అన్నాడు.

"సూర్యుడు మనకు ఏడాది మొత్తంల అన్నిటికంటె దగ్గరుండేది గీ జనవరి మొదట్లనే అక్కా. జులై కంటె ఏభై లక్షల కిలోమీటర్లు దగ్గర."

"దగ్గరుండి ఏం జేస్తుండు సారూ? నా పండ్లు గిటకరుస్తున్నయి."

మంచం మీంచి మొగులయ్య అందుకున్నాడు. "మా చిన్నాయన లెక్క. పక్కింట్లనే ఉంటడు, అక్కరకు రాడు."

చంద్రప్ప నవ్వాడు. "గిప్పుడు ఎండ ఏటవాలుగ పడుతది, పొద్దు జల్దీ గూకుతది. గా కొంచెం దగ్గరతనం దాని ముందర ఎంత? దూరం ఒక్కటే లెక్క కాదక్కా. బుధుడు అందరికంటె దగ్గర. పగలు సీసం కరుగుతది, రాత్రి గడ్డకట్టుకపోతది. కప్పుకునేటందుకు గాలి లేదు. శుక్రుడు వానికంటె దూరమే, అయినా వాడే ఎక్కువ కాలుతడు. మందం దుప్పటి కప్పుకున్నడు, లోపలికి పోయిన వేడి బయటికి రాదు. అంగారకుడు దూరం, పైన పల్చటి గుడ్డ. మనకు దూరం కుదిరింది, దుప్పటి కుదిరింది."

అంత మాటలో రామవ్వ చెవికెక్కింది దుప్పటి ఒక్కటే. మరునాడు కంది కోతకు పోయేముందు తడిక మీద గొంగడి నిండుగా కప్పి పోయింది.

మధ్యాహ్నం వచ్చేసరికి గొంగడి ఒక మూల జారి ఉంది. పక్కన సొట్టపడ్డ చెంబు. లోపల చాలా పిల్లలు చచ్చాయి. జారిన మూల దగ్గర చేరినవి బతికాయి.

"కియ్యి కియ్యిమనుడు తగ్గింది," అన్నాడు మొగులయ్య. "ఎంత పిలిచినా ఎవ్వరు రాకపాయె. చెంబు ఇసిరితె గొంగడి ఒక మూలనే జారె. రామవ్వా, నా కండ్ల ముందరనే సస్తున్నయి, లేవరాదు నాకు."

పెళ్లయినప్పటి నుంచీ అతను ఏడవడం ఆమె చూడలేదు. మంచం పట్టె మీద కూర్చుని కొంగుతో అతని ముఖం తుడిచింది.

"శుక్రుని జేసిన వాటిని," అంది.

"పొద్దంత నేను సూస్తనే ఉంట. ఏం జెయ్యాల్నో తెలుస్తది. చెయ్యి అందదు."

ఆమె కాసేపు దూలం వైపు చూసింది. లేచి తడికను వెడల్పు చేసింది. గొంగడిని సగానికే కప్పింది. బల్బు తాడును దూలం మీదుగా లాగి, రెండో కొస తెచ్చి మొగులయ్య మంచం కోడుకు కట్టింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో సూర్యుడు మొగులయ్య చెప్పినట్టు విన్నాడు. పిల్లలు దగ్గరికి ముడుచుకుంటే తాడు వదులు చేసి బల్బు దించేవాడు, తడికకు అంటుకుంటే పైకి లాగేవాడు. బడి నుంచి వచ్చిన చంద్రప్ప ఒకసారి తొంగి చూశాడు. బల్బు నడుమ వెలుగుతోంది. దానికి మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా, పిల్లలన్నీ గుండ్రంగా పడుకుని ఉన్నాయి.

"మన భూమి తిరిగే దారి గిట్లనే ఉంటది," అన్నాడు. "వీటికి కాళ్లున్నయి, నచ్చిన కాడికి నడుస్తయి. భూమికి గా సౌలత్ లేదు."

"ఉన్నకాడ మంచిగనే ఉన్నది గద సారూ. మల్ల నడిచి ఏం జేస్తది?" అన్నాడు మొగులయ్య.

రామవ్వ రొట్టె తట్టడం ఆపి అతని వైపు చూసింది.

పిల్లలకు రెక్కల ఈకలు వచ్చాయి. దేవుడి దయ అన్నారు చూడవచ్చినవాళ్లు. మొగులయ్య కాదనలేదు, తాడు వదలనూ లేదు.

లారీ వచ్చిన పొద్దున మల్లప్ప గడపలో నిలబడ్డాడు. "ఏం రామవ్వా, వస్తున్నవా లేదా?"

ఆమె నోరు తెరిచేలోపు మంచం మీంచి జవాబు వచ్చింది. "రాదు మల్లన్నా. మాకు ఇంట్ల పనున్నది."

మల్లప్ప ఇంకేదో అనబోయాడు.

"తలుపు జెర దగ్గరికెయ్యి," అన్నాడు మొగులయ్య, తాడు కొంచెం వదులుతూ. "పిల్లలకు సలిగాలి కొడుతున్నది."