సర్దారు తట్టాకే కూర్చునేవాళ్లం

గురువారం పొద్దున మొదటి షిఫ్టు సైరన్ మోగిన కాసేపటికి, మా వరుసలో ఉండే సర్దారు కోడలు గేటు దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, మామ పోయిండు" అని చెప్పి పక్కింటికి వెళ్లిపోయింది. అన్ని ఇళ్లకూ ఆ ఒక్క మాటే చెప్పుకుంటూ పోవాలి కదా పాపం. ఆదివారం సభ పుస్తకంలో రాబోయే వారం తేదీ నేను అప్పటికే రాసిపెట్టుకున్నాను. దాని వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆయన ముప్పై నాలుగేళ్లు బొగ్గు బాయిలో సర్దారు. షిఫ్టు మనుషుల కంటే ముందు లోపలికి వెళ్లి, కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చేయవచ్చు, ఇక్కడ వద్దు అని చెప్పే ఉద్యోగం. గట్టిగా మోగితే మనుషులు వెళ్లేవారు, డొల్లగా మోగితే ఆగేవారు. దిగినవాళ్లెందరో ఎక్కినవాళ్లూ అందరే అని చూసుకునేదాకా ఆయన ఇంటికి వచ్చేవాడు కాదని ఆయన భార్య బతికున్న రోజుల్లో విసుక్కుంటూ చెప్పేది.

రిటైరయ్యాక కూడా ఆ కర్ర ఆయన చేతిలోనే ఉండేది. ఎనిమిదేళ్ల కిందట ఓపెన్‌కాస్ట్, అంటే నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే గని, మా కాలనీ వైపు జరగడం మొదలైంది. మధ్యాహ్నం పేలుళ్లకు గిన్నెలు కదిలేవి, గోడలు బీటలు వారేవి, ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేవి. ఎవరింట్లో వాళ్లు గొణుక్కునే బదులు ఒక చోట కూర్చుని మాట్లాడుకుందామని ఇల్లిల్లూ తిరిగింది ఆయనే. మూతపడ్డ క్యాంటీన్ వరండాలో ప్రతి ఆదివారం నాలుగు గంటలకు, ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని. పుస్తకం రాసే పని నాకు అప్పగించాడు. "టీచరమ్మా, నువ్వు లెక్కలు చెప్పినదానివి. వచ్చినోళ్లెంత, మాట్లాడినోళ్లెంత, అంతే రాయి" అన్నాడు. మా నాన్నగారు కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. మా ఇంట్లో చిన్నపిల్లలను కూడా మీరు అనేవాళ్లు. అందుకని ఆయన నువ్వు అనడం మొదట్లో నాకు నచ్చలేదు. కొన్నాళ్లకు, నన్ను అలా పిలిచే మనుషులు ఎంతమంది మిగిలారని లెక్క వేసుకుని ఊరుకున్నాను.

మేం కూర్చునే ముందు ఆయన వరండా స్లాబును నాలుగు మూలలా కర్రతో తట్టి వినేవాడు. అంతవరకు అందరం కుర్చీలు పట్టుకుని బయట ఎండలో నిలబడాల్సిందే. రిటైరైన ఫిట్టరు ఒకాయన ఉన్నాడు, నోరు ఊరుకోదు. "ఇది బాయి గాదే సర్దారూ, సిమెంటు స్లాబు" అనేవాడు. "విని కూసుంటె నీదేం బోయింది?" అనేవాడు ఈయన, చెవి పైకే పెట్టుకుని.

కొత్తగా రిటైరైన వాళ్లు ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న. "రేపు పొద్దుగాల లేచి ఎటు పోతవ్?" హోటల్‌కు చాయ్ తాగడానికి అని చెబితే, చాయ్ అయిపోయాక ఎటు అని అడిగేవాడు. నలభై ఏళ్లు సైరన్‌కు లేచిన మనుషులు. జవాబు దొరికేదాకా వదిలేవాడు కాదు. అలా ఒకాయన వీధి దీపాలు చూసేవాడయ్యాడు, ఒకాయన దవాఖానకు ఒంటరిగా వెళ్లేవాళ్లకు తోడు వెళ్లేవాడయ్యాడు. ఫిట్టరు బోరింగులు బాగుచేయసాగాడు, తిట్టుకుంటూనే. ఆయనకు గొప్ప మాటలు వచ్చేవి కావు. వింటూ కూర్చోవడం వచ్చు.

కిందటేడు ఆ గని కోసం మా మూడు వరుసల క్వార్టర్లు ఖాళీ చేయాలని తెలిసింది. అందరం కలిసి కంపెనీకి ఒక అర్జీ పెట్టుకుంటే ఒకే చోట ఇళ్లు చూసే వీలుంది, లేకపోతే ఎవరికి దొరికిన చోటికి వాళ్లు. ముప్పై, నలభై ఏళ్లుగా ఒకరి తలుపు చప్పుడు ఒకరికి తెలిసిన మనుషులం. విడిపోతే ఈ వయసులో మళ్లీ కలుపుకోవడం జరిగే పని కాదు. ఊరి చివర కొత్తగా కట్టిన కాలనీ అడుగుదామని మాట వచ్చింది. అక్కడ నీళ్లు బాగా వస్తాయి, గోడలు కొత్తవి. నాకూ అక్కడికే పోవాలని ఉండింది. ఆ రోజు రెండు గంటలకు పైగా మాట్లాడుకున్నాం. నా నడుము పట్టేసింది. పుస్తకంలో "అందరూ ఒప్పుకున్నారు" అని రాసి, కింద గీత గీసి, కలం మూత పెట్టాను.

"ఎంతమందిమి దిగినం టీచరమ్మా?" అన్నాడు సర్దారు.

ముప్పై ఒక్కరం అన్నాను.

"ఎంతమంది మాట్లాడిన్రు?"

చూశాను. ముప్పై. మాట్లాడనిది చివరి క్వార్టర్ స్వరూప. భర్త పోయాక ఆ ఉద్యోగం తాను చేస్తూ అత్తను చూసుకుంటున్న పిల్ల. ఆమె నోరు తెరవలేదని నేను చూశాను. చూసే "అందరూ" అని రాశాను. తొందరగా ఇంటికి వెళ్లి నడుము వాల్చాలని. బడిలో ఏ పిల్లయినా లెక్క చేయకుండా జవాబు వేస్తే నేను వదిలిపెట్టేదాన్ని కాదు.

స్వరూప తల వంచుకునే చెప్పింది. "అత్తకు వారానికి రెండు సార్లు డయాలసిస్. ఇక్కడికెల్లి దవాఖానకు నడిపిచ్చుకుంట తీస్కపోత. గంత దూరం నాతోని గాదు. మీరు పోండ్రి."

ఫిట్టరు విసుగ్గా, ఒక్కదాని కోసం ముప్పై మంది ఆగాల్నా అన్నాడు. ఆ మాట పైకి అనలేదు గానీ నా మనసులోనూ అదే ఉంది.

సర్దారు గొంతు పెంచలేదు. "ఒక్కడు లోపలనే ఉంటె షిఫ్టు అయిపోయినట్టా?" అన్నాడు. ఆ వరండాలో బాయిలో పనిచేయని మగవాళ్లు లేరు. నేను కలం మూత తీసి, ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

మరో నాలుగు ఆదివారాలు పట్టింది. మాటలు పెరిగాయి, రెండిళ్ల వాళ్లు అలిగి ఒక వారం రాలేదు, ఆయనే వెళ్లి పిలుచుకొచ్చాడు. అప్పటికే నాలుగు అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. చివరికి దవాఖానకు దగ్గరలో ఉన్న పాత కాలనీ అడగాలని రాసుకున్నాం. వానకు కారే ఇళ్లు అవి. నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ ఈసారి ముప్పై ఒక్కరూ మాట్లాడారు, ముప్పై ఒక్క సంతకాలూ ఉన్నాయి. ఆయనది చివరిది, వంకర టింకరగా. అర్జీకి జవాబు ఇంకా రాలేదు. వస్తుందో రాదో, వచ్చాక ఎవరం ఎక్కడ ఉంటామో నాకు తెలియదు. జవాబు చూడకుండానే ఆయన వెళ్లిపోయాడు.

నేను చాలామందికి చదువు చెప్పాను. నా తప్పు నా చేతే దిద్దించి, ఆ ఊసు మళ్లీ ఎక్కడా ఎత్తని మనిషి మాత్రం ఆయనొక్కడే. ఆ మాట ఆయనతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పోయాక వచ్చిన మొదటి ఆదివారం నాలుగు గంటలకు కుర్చీ పట్టుకుని వెళ్లాను. ఎవరూ వస్తారనుకోలేదు. అందరూ వచ్చారు. వరండాలోకి మాత్రం ఎవరూ వెళ్లలేదు, కుర్చీలు పట్టుకుని ఎండలోనే నిలబడి ఉన్నారు. ఎందుకో నాకు ఒక క్షణం తట్టలేదు. అంతలో కోడలు ఆయన కర్ర తెచ్చి స్తంభానికి ఆనించి పక్కకు జరిగింది.

స్వరూప వెళ్లి ఆ కర్ర తీసింది. పొట్టి పిల్ల, స్లాబు అందలేదు. ఫిట్టరు తన కుర్చీ తీసుకెళ్లి వేసి, కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె దాని మీదికి ఎక్కి ఒక మూల తట్టింది. చెవి పైకి పెట్టింది. ఆమెతో కలిపి మేం ముప్పై మందిమీ ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం.