కప్పనాయిన

మా బచ్చన్నపేట హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే ఒవైస్ సారుకు ఒకటే జబ్బు. ఏ మాట మొదలుపెట్టినా విషపు కప్ప దగ్గరే ముగిస్తారు. అది మన చెరువు కప్ప కాదు. ఎక్కడో దక్షిణ అమెరికా అడవుల్లో, బొటనవేలంత ఉండే నీలం కప్ప. ఆ జాతికిప్పుడు ముప్పు వచ్చిందట. సారు దాన్ని ఫోటోలో తప్ప చూడలేదు, అయినా బెంగ మాత్రం సొంత మేనమామకున్నంత!

పన్ను నొప్పంటే లెక్కల సారునైన నేనే దవాఖానకు తీసుకుపోయాను.

"నోరు తెరువుండ్రి సార్" అన్నాడు డాక్టరు.

"తెరుస్తగని, గా కప్పకు విషం యాడికెల్లి వస్తదో ఎరుకేనా? తినే చీమలకెల్లి!"

ఆ తెరిచిన నోరు గంటసేపు మూయలేదు. పన్ను మాత్రం చూపించలేదు. "కప్పకు సవతినై బతుకుతున్న సారూ" అంటుంది ఆయన భార్య హమీదా.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. వాడలో కప్పతల్లి ఆట పెట్టారు. రోకలికి కప్పను, వేపమండలను కట్టి ఆడపిల్లలు ఇల్లిల్లూ తిప్పితే, దాని మీద నీళ్లు పోస్తారు. పాణమున్న కప్పను కట్టొద్దని సారు కొట్లాడి, మట్టితో తానే ఒకటి చేసి తెచ్చారు. అది ఏ కప్పో, ఏ రంగో చెప్పాలా?

రోకలి ముందు కొస పట్టిన పిల్లకు వాళ్లమ్మే మొదటి బిందె పోయాలని మా ఆనవాయితీ. మా వాడ పిల్ల సింధుకు తల్లి లేదు. ట్రాక్టరు నడిపే తండ్రి సంజీవే జడలు కూడా వేస్తాడు. ఎప్పుడు ఆట పెట్టినా వెనకే నడిచే ఆ పిల్ల, ఈసారి ముందు కొస పట్టుకుంది.

"అమ్మ లేనిదానివి, ఎట్లనే బిడ్డా?" అంది పెద్దమనిషి జమునవ్వ. సింధు తల దించుకుని రోకలి వదలబోయింది.

"ఆగుండ్రి!" సారు అడ్డం వచ్చారు. "అవ్వా, గిది కప్పతల్లి కాదు, కప్పనాయిన! గీ జాతిల పిల్లల్ని వీపు మీద నీళ్ల కాడికి మోసేది నాయినే. అందుకే నీళ్లు నాయినే పొయ్యాలె. శాస్త్రంల ఉన్నది!"

"శాస్త్రంల ఉన్నదా?" జమునవ్వ చేతులు జోడించింది. "మరి ముందుగాల చెప్పవేంది నాయినా? రా సంజీవా, బిందె తే!"

అది జీవశాస్త్రమని నేను నోరు తెరవబోతే సారు నా కాలు తొక్కారు.

సంజీవ బిందె ఎత్తి గుమ్మరించాడు. సింధు నిలువునా తడిసి పకపకా నవ్వింది. ఇంకేముంది, "మేం నాయినలం కామా?" అంటూ మగవాళ్లంతా బిందెలతో గుమ్మాల్లోకి వచ్చారు.

"మట్టి పిసికేటప్పుడే అన్నడు సారూ, గీసారి సింధునే ముందట నడవాలని" హమీదా నా చెవిలో చెప్పింది.

"చుప్!" అన్నారు సారు, సిగ్గుపడుతూ.

వాన ఎప్పుడు కురిసిందని మాత్రం అడక్కండి. ఆ రోజు మా వాడలో పొడిబట్టతో ఇంటికి పోయినవాడు ఒక్కడూ లేడు.