హాజరు సంతకం

సభలో పలికిన మాట పుస్తకానికెక్కి తీరుతుందని ఏసుదాసు నమ్మాడు. లోకం తెలిసినవాళ్ళు నమ్మడం మానేసిన సంగతుల్లో అదొకటి. ఆ నమ్మకం అతనికి మిషను బడిలో అబ్బింది. అక్కడ పాఠాలు చెప్పిన ఐర్లండు దేశపు సిస్టరమ్మకు చిన్నాన్న ఒకరు ఆ దేశపు ఎగువ సభలో సభ్యుడట. ఆయన చేసిన ప్రసంగాలు అచ్చయి, నెలల తరబడి ఓడలో ప్రయాణించి, ఆమె బల్లమీదికి చేరేవి. పేదల ఇళ్ళ గురించీ, పల్లె ఆసుపత్రుల గురించీ ఆయన సభలో మాట్లాడేవాడనీ, ఓట్ల లెక్కలో ఆయన పక్షం ఎప్పుడూ ఓడిపోయేదనీ ఆమె నవ్వుతూ చెప్పేది. "ఓడిపోతే ఏం లాభం సిస్టర్?" అని పిల్లలు అడిగితే, అచ్చయిన కాగితాన్ని వేలితో తట్టి చూపేది. ఓడినవాడి మాటను కూడా ఒక దేశం డబ్బు ఖర్చుపెట్టి అచ్చు వేయించి దాచుకుంటుందన్న సంగతి ఆ కుర్రవాడి మనసులో నాటుకుంది.

అతనిది పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారికి ఎడంగా ఉన్న ఒక పల్లె. పల్లెకు దక్షిణాన, పల్లపు నేలలో, ఎస్సీ కాలనీ. పదో తరగతి గట్టెక్కాక ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేసే షెడ్డులో చేరాడు. మరిగే తొట్టి ముందు నిలబడి, కర్రలకు వేలాడేసిన నూలు చిలపలను తిప్పి తిప్పి ముంచడమే పని. మోచేతుల దాకా ఆ రోజు రంగే. షెడ్డులో రేడియో ఒకటి ఉండేది. పార్లమెంటు సంగతులు చెప్పే వేళకు ఏసుదాసు దాని పక్కకు చేరేవాడు.

"ఏమబ్బా, ఢిల్లీలో వాళ్ళు అరుచుకుంటే నీకేమొస్తాది? పాటలు పెట్టు" అనేవారు తోటివాళ్ళు.

"అరుచుకునేది కాదప్పా. ఒకడు అడుగుతాండాడు, ఇంకొకడు జవాబు చెప్పల్ల. చెప్పకుంటే రేపు మళ్ళా అడుగుతాడు. మన మేస్త్రీని మనం ఎప్పుడన్నా అట్ల అడిగినామా?"

"అడుగు పో. అడిగినాక ఆ తొట్లో నిన్నే ముంచి ఆరేస్తాడు."

రంగుల ఆవిరి ఊపిరితిత్తులకెక్కి దగ్గు వదలకపోవడంతో, నడివయసులో ఊరికి తిరిగొచ్చి గుత్తకు తీసుకున్న చేలో వేరుశనగ వేసుకున్నాడు. 1995లో మండల పరిషత్తు ఎన్నికలొచ్చాయి. ఆ ప్రాంతపు స్థానం ఎస్సీలకు కేటాయించారు. ఊరి పెద్దలు తమ చెప్పుచేతల్లో ఉండే మనిషి కోసం వెదికి, మెత్తనివాడు, కేకలు వేయనివాడు అని ఏసుదాసును నిలబెట్టారు. మెత్తనివాడు మాట్లాడడని వాళ్ళు అనుకోవడం వాళ్ళ పొరపాటు. మాట్లాడితే నమోదవుతుందని అతను అనుకోవడం అతని పొరపాటు.

మండల పరిషత్తు సమావేశ మందిరంలో ఒక ఆచారం ఉండేది. సభ్యుడు గడప దాటగానే అటెండరు మినిట్స్ పుస్తకం తెచ్చి ముందు పెట్టేవాడు. తీర్మానాల కోసం కొన్ని పేజీలు ఖాళీగా వదిలిపెట్టి, వాటి తరువాతి పేజీలో సంతకాలు తీసుకునేవారు. సంతకం చేసినవారికి టీ వచ్చేది. చర్చ ఆ తరువాత. తీర్మానాలు ఇంకా తరువాత. సభ్యులు బస్సులెక్కి ఇళ్ళకు పోయాక, సంతకాల ముందున్న తెల్ల కాగితం మీద తీరిగ్గా రాసుకునేవారు. నిర్ణయం కంటే ముందు అంగీకారం పుచ్చుకునే ఈ పద్ధతిని ఏ శాసనం అనుమతించిందో చెప్పగలిగినవాడు ఆ మందిరంలో ఒక్కడూ లేడు. అడిగినవాడూ లేడు. దొంగతనం రోజూ ఒకే వేళకు, అందరి కళ్ళముందు జరిగితే దానికి ఆనవాయితీ అనే గౌరవనామం దొరుకుతుంది.

ఏసుదాసు కూడా అందరిలాగే సంతకం చేసి కూర్చునేవాడు. తన వంతు రాగానే లేచి, ఎజెండా కాగితం తిప్పి, మాట్లాడేవాడు. రేషను బియ్యం తూకం గురించి, కరువు పనుల్లో ఆడకూలీలకిచ్చే కూలి గురించి, ఉపాధ్యాయుడే లేని బడికి సున్నం కొట్టించడం గురించి మాట్లాడాడు. సూపరింటెండెంటు వెంకటేశులు తల వంచుకుని కలం కదిలిస్తూ ఉండేవాడు. ఆ కలానికి అందాలని ఏసుదాసు ప్రతి వాక్యం చివరా ఆగేవాడు. కలం ఆగితే తరువాతి వాక్యం ఎత్తుకునేవాడు. వెంకటేశులు ఆ సమయమంతా కార్యాలయ సిబ్బంది ప్రయాణ బిల్లులు రాసుకుంటున్నాడని అతనికి చాలాకాలం తెలియలేదు.

1998 వేసవిలో కాలనీకి నీళ్ళ ట్యాంకు మంజూరైంది. కాలనీలోని చేతిపంపు అప్పటికే గాలి పీలుస్తోంది. ఊరికి వేరే ట్యాంకు ఉంది. కాలనీలో జాగా లేదనే మాట రాకూడదని ఏసుదాసు తన గొడ్ల కొట్టం పీకించి ఆ స్థలం చూపించాడు. ఆపై సమావేశంలో, ట్యాంకును ఊరి బస్సు స్టాపు పక్కకు మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. అక్కడ నేల ఎత్తుగా ఉందట. ఏసుదాసు లేచి, జీవితంలో ఎన్నడూ మాట్లాడనంతసేపు మాట్లాడాడు. ఎత్తు నేల మీది నీళ్ళు పల్లానికి రావాలంటే పైపు కావాలనీ, ఆ పైపు అంచనాలో లేదనీ, ఊరి ట్యాంకుకు కాలనీ ఆడవాళ్ళు పోతే చివరి వరుసలోనే నిలబడాల్సి వస్తుందనీ చెప్పాడు. అధ్యక్షుడు శంకరప్ప చెయ్యెత్తి, "బాగా చెప్పినావు ఏసుదాసూ. ఆలోచిస్తాం" అన్నాడు.

కొన్నాళ్ళకు బస్సు స్టాపు పక్కన ఇసుక, కంకర దిగాయి.

ఆ సాయంత్రం కాలనీ పెద్దావిడ హనుమంతమ్మ అతని వాకిట్లో నిలబడింది. వరసకు అత్త. ఆమె నోటికి భయపడని మగవాడు కాలనీలో లేడు.

"ఏమప్పా మెంబరూ, ట్యాంకి ఆడ కడతాండారంట?"

"నేను వద్దని కొట్లాడినా అత్తా. అందరి ముందర చెప్పినా."

"నోటితో వద్దంటివి, చేత్తో సరేనంటివి. నీ సంతకం ఉండాదని ఊళ్ళో వాళ్ళే నవ్వుతాండారు. కొట్టం పీకేసి జాగా చూపిచ్చినప్పుడే అనుకుంటి, ఇంత మంచోడు యాడన్నా ఉంటాడా అని."

మరునాడే అతను మండల కార్యాలయానికి వెళ్ళాడు. వెంకటేశులు దాచకుండా పుస్తకం తెరిచి చూపాడు. ట్యాంకు స్థలం మార్పునకు సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించినట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. తరువాతి పేజీలో ఏసుదాసు సంతకం, తన చేతి సంతకమే, సిస్టరమ్మ నేర్పిన వంపులతో.

"నేను మాట్లాడింది యాడ సార్?"

"చర్చించి అని రాసినా గదా. అంటే మాట్లాడినట్లే."

"నేను వద్దన్నా సార్."

"వద్దన్నోనివి సంతకమెందుకు పెడితివి?"

"అది వచ్చినందుకు పెట్టినా."

"దానికీ దీనికీ వేరే పేజీలు యాడ తెచ్చేదప్పా?" అని వెంకటేశులు నిజంగానే నొచ్చుకున్నట్టు అడిగాడు.

ఏసుదాసు పెనుకొండకు పోయి డివిజను కార్యాలయంలో అర్జీ ఇచ్చాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. తీర్మానం ఏకగ్రీవం; అర్జీదారు సంతకం ఉంది; సవరణ కావాలంటే ఆ పరిషత్తే తన సమావేశంలో చేసుకోవాలి. సవరణ కోరడానికి సమావేశంలో ఉండాలి. ఉన్నట్టు లెక్కకు రావాలంటే సంతకం చేయాలి. సంతకం చేస్తే, ముందున్న ఖాళీ పేజీల్లో ఏమి రాసినా అది తన అంగీకారమే. వరుసగా మూడు సమావేశాలకు సంతకం లేకపోతే సభ్యత్వం పోతుంది. అతను ఈ నాలుగు వాక్యాల మధ్య రోజూ తిరిగాడు. చేలో కలుపు తీస్తూ తిరిగాడు. ఏ మూల నుంచి బయలుదేరినా మొదటి వాక్యం దగ్గరికే చేరేవాడు.

తరువాతి సమావేశంలో పుస్తకాన్ని పక్కకు జరిపాడు.

"తీర్మానాలు రాసినాక పెడతా సార్."

మందిరమంతా నవ్వింది. "అయితే నువ్వు ఈడ లేనట్లే" అన్నాడు శంకరప్ప.

"కండ్ల ముందర ఉండాను గదా."

"కండ్లకు ఉండావు. పుస్తకంలో లేవు. లేనోడు మాట్లాడితే మేము భయపడతాం, దయ్యమని." మళ్ళీ నవ్వు. అటెండరు అందరికీ టీ ఇచ్చి అతన్ని దాటి పోయాడు. ఏసుదాసు లేచి నిలబడి పాత తీర్మానం సవరించమని కోరాడు. అతను మాట్లాడుతున్నంతసేపూ పక్కవాళ్ళు వేరుశనగ ధర గురించి ముచ్చటించుకున్నారు. రెండో సమావేశంలో నవ్వు కూడా లేదు. కుర్చీ ఒకటి తక్కువ వేశారు. అతను నిలబడే ఉన్నాడు.

అప్పుడు హిందూపురం వెళ్ళి ఒక వకీలును కలిశాడు. వకీలు అంతా విని, చేతిలోని కాగితాలు మూడుసార్లు తిరగేశాడు.

"కేసు బాగుండాది. గెలుస్తావు."

"ఎప్పటికి సార్?"

"నీ పదవీకాలం అయిపోయినాక. ట్యాంకు కట్టి, అది పాతబడినాక. దుడ్లు ఖర్చు పెట్టుకోవద్దు. పోయి సంతకం పెట్టప్పా. లోపల ఉంటేనే గదా ఏదన్నా అడిగేది."

రైల్లో వెనక్కు వస్తూ ఆ మాటే నెమరు వేసుకున్నాడు. లోపల ఉండటం అంటే ఏమిటి? లోపల ఉన్న మూడేళ్ళూ అతని నోరు ఆడింది, చేయి మాత్రమే లెక్కకొచ్చింది. బయటికి పోతే ఆ నోరూ ఉండదు. కాలనీ తరఫున ఆ మందిరంలో నిలబడే మనిషే ఉండడు.

మూడో సమావేశం నాడు పుస్తకం ముందు కూర్చుని కలం తీశాడు. శంకరప్ప ముఖం తేటపడింది. ఏసుదాసు సంతకం చేసే చోట, దానికి ముందుగా, 'హాజరు మాత్రమే' అని రాయబోయాడు. 'హా' పడిందో లేదో, వెంకటేశులు పుస్తకం లాగేసుకున్నాడు.

"సర్కారు పుస్తకంలో నీ ఇష్టమొచ్చింది రాస్తే కేసవుతాది! పేరొక్కటే రాయల్ల."

"పేరు రాస్తే ఆ తెల్ల కాగితం మీద ఏం రాస్తారో చెప్పండి. ఇప్పుడే రాయండి, నేను చదివి పెడతా."

"ఇంతమందిమి పెట్టలేదా? మాకు లేని రోషం నీకెందుకు?" అన్నాడొక సభ్యుడు. అందులో ఎగతాళి లేదు. విసుగు ఉంది, దాని అడుగున కొంత సిగ్గూ ఉంది.

ఏసుదాసు కలం మూత పెట్టాడు. అతను గోడవారగా నిలబడి, ట్యాంకు గురించి చెప్పాల్సిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి ఎవరి కలం కోసమూ ఆగలేదు.

నెలలోపే ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వుకు కారణం రాయక తప్పదు గనుక వెంకటేశులు రాశాడు: ట్యాంకు స్థలం మార్పు తీర్మానాన్ని వ్యతిరేకిస్తూ, అది సవరించేదాకా సంతకం చేయనని నిరాకరించినందువల్ల, సదరు సభ్యుని వరుసగా మూడు సమావేశాలకు గైర్హాజరుగా పరిగణించి, స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించడమైనది. మూడేళ్ళలో అతను మాట్లాడినదానికి ప్రభుత్వ కాగితం మీద మిగిలిన ఆనవాలు ఆ ఒక్క వాక్యమే. అతను వ్యతిరేకించాడని ఒప్పుకోవడానికి అతన్ని తొలగించవలసి వచ్చింది.

అది పట్టుకుని మళ్ళీ పెనుకొండ వెళ్ళాడు. ఇప్పుడు సభ్యుడు కానందువల్ల అతని అర్జీ మామూలు పౌరుల అర్జీల్లో చేరింది. ట్యాంకు బస్సు స్టాపు పక్కనే లేచింది. కాలనీకి పైపు రాలేదు. ఉప ఎన్నికలో గెలిచినవాడు పోటీ లేకుండా గెలిచాడు. గడప దాటగానే సంతకం చేస్తాడని పేరు తెచ్చుకున్నాడు.

ట్యాంకు కొళాయికి నీళ్ళు రావడం మొదలైన వారంలో, ఎండిన చేతిపంపు దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ మధ్య హనుమంతమ్మ అతన్ని ఆపింది.

"కాగితమొచ్చిందంటనే. ఏముండాది దాంట్లో? చదువు."

అతను చదివాడు. కార్యాలయపు భాష వాళ్ళకు సగమే అర్థమైంది.

"అంటే ఏమప్పా?"

"నేను వద్దన్నానని రాసినారు అత్తా."

"అయితే అబద్ధం చెప్పలే నువ్వు" అంది హనుమంతమ్మ. ఆపైన, "ఇంగ మన తట్టు ఆడ ఎవరుండారు మాట్లాడేదానికి?" అని అడిగింది.

అంతలో ఊరివైపు నుంచి కరెంటొచ్చిందని, నీళ్ళు వదిలారని కేక వినబడింది. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని బస్సు స్టాపు దిక్కు పరుగెత్తారు. హనుమంతమ్మ రెండు బిందెల్లో ఒకటి అతని చేతికిచ్చి ముందు నడిచింది. అప్పటికే ఊరివాళ్ళ బిందెలు కొళాయి నుంచి రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. ఏసుదాసు తన చేతిలోని బిందెను ఆ బారు చివర దించి, దాని వెనుక నిలబడ్డాడు.