నాలుగు బోర్డులూ, నా టైము లెక్కా

పనేళప్పుడు టీ కొట్టు కాడ ఏటి సేత్తన్నావని అడుగుతున్నారు కదా. ఆలస్యం ఎవడు సేత్తన్నాడో పట్టేత్తానని బయల్దేరి, పొద్దున్న నాను ఎవడ్ని పట్టుకున్నానో తెలిస్తే మీకు పొలమారిపోద్ది. గ్లాసులు కింద ఎట్టండి, సెప్తాను.

మా కంప్యూటర్ రూములోకి నాలుగు ప్రాసెసర్ బోర్డులున్న కొత్త పెట్టె వచ్చింది కదా. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మ ఎంతసేపటికి సల్లారుద్దో లెక్క కట్టాల. దిమ్మని నాలుగు ముక్కలు సేసి బోర్డుకొకటి ఇచ్చాను. పక్క ముక్క అంచులో వేడెంతో తెలిస్తేగానీ ఏ బోర్డు లెక్కా ముందుకెళ్ళదు, అందుకని అడుగడుక్కీ ఒకదానికొకటి మెసేజులు పంపుకుంటాయి. పని నాలుగోవంతు టైములో అయిపోద్దని మా మేనేజరు గారికి కాయితమ్మీద రాసిచ్చేసాను, మహా మేధావిని కదా!

రుజువుండాలని ప్రతి మెసేజుకీ పంపిన టైమూ, అందిన టైమూ ప్రింటరు మీద కొట్టించాను. తీరా సూస్తే, ఒక్క బోర్డు ఆరు నిమిషాల్లో సేసే లెక్కకి నాలుగూ కలిసి పదకొండు నిమిషాలు! మెసేజులు ఎక్కడో సిక్కుకుంటన్నాయని మెసేజుకి ఇంకో రెండు లైన్లు కొట్టించాను. పదిహేనైంది. సముద్రం గాలికి పిన్నులు సిలుమెక్కాయని ప్రింటరు సూసుకునే అప్పలనాయుడి సేత కేబుళ్ళన్నీ తుడిపించాను. పదిహేనే.

పొద్దున్న మేనేజరు గారు సూడ్డానికొచ్చారు. తేడా వత్తే పెట్టె వెనక్కెళ్ళిపోద్ది, నాను మళ్ళీ స్టోర్స్ లిస్టులు కొట్టే సెక్షన్‌కి. బయమేసిందర్రా, నిజంగా. ఆయన గుమ్మం బయట బూట్లిప్పి, వచ్చి కుర్చీలో కూకున్నారు. ప్రోగ్రాం మొదలెట్టాను. సగంలో ప్రింటర్లో కాయితం అయిపోయింది. అంతే, బోర్డుల మీద లైట్లు నాలుగూ కదలకుండా ఆగిపోయాయి.

అప్పలనాయుడు తల గోక్కున్నాడు. "కాయితం అయిపోతే పెట్టెందుకు ఆగిపోయింది బావా? ప్రింటరుతో దానికేటి పని?"

అప్పుడు ఎలిగింది నాకు. బోర్డులు ఆగుతున్నది పక్క బోర్డు కోసం కాదు, నాను అడిగిన టైము ప్రింటయ్యేదాకా!

"ఎవరి కోసం ఆగిందయ్యా?" అన్నారు మేనేజరు గారు.

"నా కోసమేనండీ."

టైము కొట్టించే ఆ లైన్లన్నీ ప్రోగ్రాంలోంచి పీకేసి మళ్ళీ నడిపాను. ఇలా మొదలెట్టి అలా అయిపోయింది. రుజువు సూపిద్దామని ప్రింటరు కేసి తిరిగితే అక్కడేటుంది, అన్నీ పీకేసాను కదా! ఆయనే సేతి గడియారం సూసి, "రెండు నిమిషాలు. పెట్టె ఉండనీ" అన్నారు. నా నెల రోజుల లెక్క ఆయన మణికట్టు మీద తేలిపోయింది.

పని ఆగితే మా రిజిస్టర్లో రాయాల. 'ఆలస్యానికి కారణం' అన్న గడిలో పొద్దున్నే 'కేబుళ్ళు' అని రాసేసున్నాను. ఆయన ఎదరే కొట్టేసి నా పేరు రాసుకున్నాను. పక్కన 'తీసుకున్న చర్య' అని ఇంకో గడుంది. అది అప్పలనాయుడు నింపాడు: 'టీకి పంపించడమైనది.'

అదీ సంగతి. ఇంకో అరగంట నాను ఇక్కడే ఉంటే లోపల పని బాగా సాగుద్దంట.