మీటరు ఆగినా తిరిగిన సాంచా

మొన్న ఆదివారం మా అబ్బాయి ఫోను తెచ్చి నా కళ్ల ముందు పెట్టాడు. అందులో ఎవరో ఒకాయన ఇనుప డబ్బా ఒకటి బల్ల మీద పెట్టుకుని, దీనికి కరెంటు అక్కరలేదు, నూనె అక్కరలేదు, ఒకసారి కొనుక్కుంటే ఇల్లూ కార్ఖానా జీవితాంతం నడుస్తాయని హిందీలో చెబుతున్నాడు. పక్కన బల్బు వెలుగుతోంది. సూరత్ లింబాయత్‌లో ఒక్క ఎంబ్రాయిడరీ మిషను మీద బతుకుతున్న మావాడికి నెలనెలా వచ్చే బిల్లు పెద్ద బెంగే, కాదనను, కానీ ఆ మిషను తాకట్టు పెట్టి ఆ డబ్బా కొంటానని వాడు అనగానే నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల నాన్న ముఖంలో ఒకప్పుడు చూసిన సంబరమే వాడి ముఖంలోనూ చూశాను, ఆ సంబరమంటే నాకు ఇప్పటికీ భయం.

నా ఈడువాళ్లలో సూరత్‌కు బతకవచ్చినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో సొంత సాంచా అంటే ఎంత మాటో. మరమగ్గాన్ని మేము సాంచా అనేవాళ్లం. సేఠుల షెడ్లలో కాళ్లు వాచేదాకా నిలబడ్డా గది కిరాయికి మించి మిగలని కాలంలో మా ఆయన కడుపు కట్టుకుని రెండు పాత సాంచాలు కొని, ఇంటి ముందు రేకుల కింద బిగించిన నాడు నేను వాటికి పసుపు కుంకుమ పెట్టి, ఇక మనం ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడనక్కరలేదని ఏడ్చేశాను.

ఆ సంతోషాన్ని మింగేసింది చాలా చిన్న విషయం. కరెంటు పోయినప్పుడు సాంచా టక్కున ఆగదు, ఉన్న ఊపుకి పేక నూలు మోసే నాడె మరో రెండు మూడుసార్లు అటూ ఇటూ పరుగెత్తిన తర్వాతే నిలబడుతుంది. నేతపని చేసినవాళ్లంతా రోజూ చూసేదే, ఎవరూ పట్టించుకునేవారు కాదు. మా ఆయన పట్టించుకున్నారు. గోడ మీది మీటరులో అప్పట్లో ఎర్రగీత ఉన్న పళ్లెం ఒకటి తిరుగుతూ ఉండేది, కరెంటు పోగానే ఆ పళ్లెం ఆగిపోయేది, సాంచా మాత్రం ఇంకొంచెం నేసేది. బిల్లు లేకుండా నేసిన ఆ కొంచెం ఎక్కడిదని ఆయనకు పట్టుకుంది. దాన్ని పోనివ్వకుండా పట్టి మళ్లీ మోటారుకే అందిస్తే సాంచా ఎప్పటికీ ఆగదు కదా అన్నది ఆయన లెక్క. సాంచా మొదలుపెట్టేటప్పుడు ఇంట్లో బల్బు మసకబారడం, ఆ పళ్లెం పిచ్చిదానిలా తిరగడం కూడా ఆ కళ్ల ముందే జరిగేవి, అవి మాత్రం ఆయనకు కనబడలేదు.

మోటారు ఒక బరువైన చక్రాన్ని తిప్పాలి, చక్రం డైనమోను తిప్పాలి, డైనమో మళ్లీ మోటారుకు కరెంటివ్వాలి. ఇదీ ఆయన కట్టిన యంత్రం. గల్లీ అంతా చూడవచ్చేది, ఆయన మీటరు నుంచి వచ్చే తీగ పీకేసేవారు, బల్బు కాసేపు వెలిగి, ఎర్రబడి, ఆరిపోయేది. అందరూ భలే భలే అని నా చేతి చాయ్ తాగి వెళ్లేవారు, ఒక్కడూ ఇది కాని పని అనలేదు, ఎందుకంటే బిల్లు అందరికీ వస్తుంది మరి. చక్రం బరువు పెంచినకొద్దీ బల్బు ఇంకాసేపు వెలిగేది, దాంతో ఆయన గమ్యం దగ్గర పడిందనుకునేవారు. కడోదరాలో మిల్లు వైర్‌మన్‌గా చేసే మా తమ్ముడు ఒక్కడే ఉన్నమాట అన్నాడు.

“బావా, బరువు ఎక్కువైతే మొదలు తిప్పనీకి కరెంటు గూడ ఎక్కువే తాగుతది. నువ్వు ముందు పోసిందే అది ఎనుకకు ఇస్తది, గది గూడ మొత్తం ఇయ్యదు. జర మోటరు మీద చెయ్యి పెట్టి చూడు, కాలుతది గదా, గా వేడి ఎవరి కరెంటు?”

“సేఠు కరెంటు మీద బతికెటోనివి, నీకేం ఎరుక మా బాధ” అన్నారు మా ఆయన. ఆ మాటతో తమ్ముడు మా గడప తొక్కడం మానేశాడు, నాకు పుట్టింటివాళ్లంటూ ఈ ఊళ్లో ఉన్నది వాడొక్కడే.

మొదటి సాంచా రాగి తీగకూ చక్రానికీ పోయింది, రెండోది అంతకంటే పెద్ద చక్రానికి పోయింది. ఆ చక్రాలు కూడా చివరికి పాత ఇనుము కింద తూకానికే పోయాయి. మా ఆయన మళ్లీ సేఠు షెడ్డులో కూలికి నిలబడ్డారు, పోయేదాకా నిలబడే ఉన్నారు, ఇంకొంచెం బరువు చక్రం దొరికి ఉంటే అయిపోయేదని పోయే ముందు కూడా అన్నారు. చచ్చినవాళ్లను ఆడిపోసుకోకూడదంటారు గానీ నాకు ఆ కోపం చల్లారలేదు.

మావాడికి ఇదంతా చెప్పాను. “మమ్మీ, గది పాత జమానా, ఇప్పుడు టెక్నాలజీ వేరే” అన్నాడు. మేడల మీద సోలార్ పలకలు పెట్టుకుంటున్నారు, వాటికి ఎండ ఉంది, మరి దీనికేముందిరా అంటే ఆ వీడియోనే మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. అప్పటిదాకా చపాతీలు చేస్తూ వింటున్న మా కోడలు, లేచి వచ్చి ఫోను అందుకుని, అందులో ఇచ్చిన నంబరుకు కలిపి మావాడి చేతికిచ్చింది.

“డబ్బా ఇప్పి లోపల ఏముందో చూపియ్యమను. చూపియ్యకపోతే మిషను మీద చెయ్యి పెట్టేది లేదు, దానిల నా కష్టం గూడ ఉంది” అంది నెమ్మదిగా. డబ్బా విప్పితే గ్యారంటీ పోతుందట, అవతలివాడు ఫోను పెట్టేశాడు. మావాడు ముఖం ముడుచుకుని బయటికి వెళ్లిపోయాడు, మిషను మాత్రం దక్కింది.

కాలం మారిందని అందరూ అంటారు, నాకు మారినట్టు కనబడింది ఈ ఒక్కచోటే. ఆ పిల్ల అడగగలిగింది, నాకు అప్పుడు ఆ నోరు లేకపోయింది. ఆయన నేత వదిలి చక్రం పట్టిన నాటి నుంచే నేను సలాబత్‌పురా బజారు నుంచి చీరల మూటలు నెత్తిన మోసుకొచ్చి, లేసులు కుట్టి కుట్టి కళ్లు పాడుచేసుకున్నాను. ఊరికే ఏదీ రాదని తమ్ముడు అంత చెప్పినా మా ఆయన ఎందుకు నమ్మలేదో ఇన్నేళ్లకు అర్థమవుతోంది. ఆయన చక్రం ముందు కూర్చున్న అన్నాళ్లూ వేళకు కంచంలో అన్నం వస్తూనే ఉంది, అది ఎక్కడి నుంచి వస్తోందని ఆయన ఒక్కనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.