రైలు కూస్తే లేవాలి

ఆ రోజుల్లో ఉద్యోగమంటే కూర్చోవడమే. ఎంతసేపు కదలకుండా కూర్చుంటే అంత బుద్ధిమంతుడని పేరు. అనకాపల్లిలో ఒక బెల్లం కమీషన్ కొట్లో నేను గుమాస్తాగా చేరేనాటికి రెండో ప్రపంచయుద్ధం జరుగుతోంది. నాకింకా మీసాలు సరిగ్గా రాలేదు. చాప మీద బాసింపట్టు వేసుకుని, ముందు ఏటవాలు రాతబల్ల పెట్టుకుని, పొద్దున్నించి దీపాలవేళ దాకా లెక్కలు రాయాలి. నాకేమో కాసేపటికే కాళ్ళు పీకేవి. మంచినీళ్ళకనో, కలం కడగాలనో, ఏదీ దొరక్కపోతే బెల్లం మీద ముసిరే కందిరీగల్ని తోలాలనో లేచిపోయేవాణ్ణి. (కందిరీగలు ఈ సేవని మెచ్చుకోలేదు సరికదా, ముక్కు మీద కుట్టాయి.) అందుకని కొట్లో నన్ను బొంగరం అనేవారు.

మా పెద్ద గుమాస్తాగారు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒకసారి కూర్చున్నారంటే భోజనానికి తప్ప లేచేవారు కాదు. మేం చాటుగా మైలురాయిగారనుకునేవాళ్ళం. గల్లాపెట్టె దగ్గరున్నవాడు మాటిమాటికీ లేస్తే లక్ష్మీదేవి కూడా లేచిపోతుందని ఆయన గట్టి నమ్మకం. "ఏటిరా బొంగరం, నీ కింద నిప్పులేటైనా ఉన్నాయా? కూకో!" అని రోజూ కసిరేవారు. చివరికి ఒకనాడు, "నెలాఖరుకి నిన్నింటికి పంపించేత్తాను. షావుకారుగారితో చెప్పేసేను కూడాను" అన్నారు. ఈ మాట మా అమ్మకెలా చెప్పాలో తెలియక నాకు అన్నం సయించలేదు.

ఇంతలో ఒక ముసురు పట్టిన పొద్దున, షావుకారుగారు ఒరిస్సా వర్తకుణ్ణి వెంటబెట్టుకుని హఠాత్తుగా లోపలికొచ్చారు. మర్యాద తెలిసిన మనిషి కదా, పెద్ద గుమాస్తాగారు చటుక్కున లేచారు. ఆయన లేచారు గానీ కాళ్ళు లేవలేదు. రెండూ తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయి. ఇటో అడుగు, అటో అడుగు తూలి, ఆ వర్తకుణ్ణి గాఢంగా కౌగిలించుకుని, ఆయనతో సహా చెమ్మెక్కిన బెల్లం బుట్టలో కూలబడ్డారు. వర్తకుడి తెల్ల లాల్చీ ఒక్క క్షణంలో సరుకు నాణ్యతంతా చూపించింది. షావుకారుగారి మొహం జేవురించింది. "ఏటయ్యా ఇది! పొద్దున్నే కల్లేసుకొచ్చేవా? పో ఇంటికి, మరి ఈ గుమ్మం తొక్కకు!" అని అరిచారు.

కల్లు పాక ఉందని వీధి మార్చి నడిచే మనిషి పెద్ద గుమాస్తాగారు. "నేను... బాబూ..." అన్నారు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నేను ఉండబట్టలేకపోయాను. (ఈయన పోతే నా ఉద్యోగం నిలుస్తుందన్న లెక్క అప్పుడు తట్టలేదు. నాకంత తెలివుంటే వ్యాపారమే పెట్టుకుందును.) "ఆయన తాగలేదండి బాబూ! కూకుని కూకుని కాళ్ళు తిమ్మిరెక్కిపోనాయి. నమ్మకపోతే తమరు ఒక్క పూట ఈ బల్ల ముందు కూకోండి" అనేశాను. అన్న తర్వాత భయమేసింది.

షావుకారుగారికి పౌరుషమెక్కువ. పరుపూ బాలీసూ వదిలి చాప మీద బాసింపట్టు వేశారు. వర్తకుడు ఉతికించుకున్న లాల్చీ ఆరేదాకా ఆయన కదల్లేదు. ఆ తర్వాత విజయగర్వంతో లేవబోయి, "అదేటి, నా కాలెక్కడికి పోనాది?" అంటూ గోడని వాటేసుకున్నారు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం. ముందు నవ్వినవారు ఆయనే. "కూకో పెద్దాయనా, నాదే తప్పు. కాదు కాదు, కూకోకు, నడు!" అన్నారు.

ఆ రోజే కొత్త రూలు పుట్టింది. స్టేషను వైపు నుంచి రైలు కూత వినపడితే అందరూ లేచి, గిడ్డంగి దాకా నడిచి రావాలి. అయితే యుద్ధం రోజులు, మిలటరీ రైళ్ళకి అంతు లేదు. కూర్చుంటే కూత, లేస్తే కూత. "ఈ యుద్ధమేదో మన కొట్లోనే జరుగుతున్నట్టుందయ్యా" అని షావుకారుగారు మొత్తుకుని, పాసింజరు బళ్ళకి మాత్రమే లేవండని సవరించారు. పెద్ద గుమాస్తాగారు మొదట్లో నా భుజం పట్టుకుని నడిచేవారు. చలికాలంలో కొత్త బెల్లం వచ్చేసరికి, ఏళ్ళతరబడి మొహం చూడని మార్కెట్ యార్డుకి తనంతట తానే వెళ్ళి వేలం పాటలు చూసొచ్చారు. నెలాఖర్లు వచ్చాయి, పోయాయి. నన్ను ఇంటికి పంపే మాట ఆయనెత్తలేదు.

పని మానుకున్న రోజున ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఒరే, ఆనాడు నువ్వు నోరిప్పకపోతే తాగుబోతునన్న పేరుతో పోదును. నా పిల్లలకి మొగమెలా చూపిద్దును?" అన్నారు. ఇద్దరం ఆయన ఇంటిదాకా నడిచాం. ఆయన ఎక్కడా ఆగలేదు.

ఇప్పుడు ఆయన లేరు, ఆయన మోకాళ్ళ నొప్పులు మాత్రం నాకు సంక్రమించాయి. ఇది రాద్దామని పొద్దున్న కుర్చీలో కూలబడ్డవాణ్ణి, కాఫీ రెండుసార్లు చల్లారినా లేవలేదు. "కొట్టుకొట్టంతా నడిపించినోరు మీరేనా? లెగండి!" అంటోంది మా ఆవిడ లోపల్నించి. లేస్తున్నానే అన్నాను. ఒక కాలు ఒప్పుకుంది. రెండోదాన్ని బతిమాలుతున్నాను.